భార్య లేదని రాసిన కాగితం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అంటారు. కాదని నేను ఏనాడూ అనలేదు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో జమ్మలమడుగు తాలూకా కచేరీలో రికార్డు రూము నాకు అప్పగించారు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కరణాల ఇంట పుట్టినవాణ్ణి, ఇంగ్లీషు చదివినవాణ్ణి, కడప కలెక్టరు కచేరీలో కుర్చీ దొరుకుతుందని ఆశపడుతూ ఉంటే తెచ్చి చెదపురుగుల మధ్య కూర్చోబెట్టారు. గుడ్డల్లో మూటకట్టిన పాత కాగితాల కట్టలు పైకప్పు దాకా ఉండేవి. ఒక కట్ట విప్పితే పూటంతా తుమ్ములే. నకలు కావాలని ఎవరొచ్చినా, ఆ తుమ్ములకు వాళ్లే కారణమన్నట్టు కసురుకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం పొద్దున కచేరీ తలుపు తీసేసరికి వరండాలో ఒక ముసలామె కూర్చుని ఉంది. రవిక లేని తెల్లకోక, బోడి నుదురు, చేతిలో సద్దిమూట. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. పులివెందుల పక్క పల్లె నుంచి ముందురోజే బయల్దేరి, ముద్దనూరులో బస్సు మారి వచ్చిందట. బంట్రోతు లేవమన్నా లేవలేదు. నన్ను చూసి మాత్రం లేచి నిలబడింది.

"నకలుకైతే అర్జీ రాయించుకుని రావాలవ్వా. ఊరికే వచ్చి కూర్చుంటే ఎట్లా?" అన్నాను.

"అర్జీ యాడ రాపిచ్చల్లనో నాకు తెల్దు సామీ. మా ఆయప్పది ఒక మాట తెలుసుకోవల్ల. నువ్వు కరణమయ్య మనవడివంట గదా. ఈడ కాగితాలన్నీ నువ్వే చూస్తావని చెప్తే వచ్చినా."

ఏ కరణమయ్య అని అడిగితే మా ఊరి పేరే చెప్పింది. పెన్న ఒడ్డున ఉన్న మా ఊరు ఆమె అత్తగారి ఊరట. నేను పుట్టకముందే పుట్టింటికి వెళ్లిపోయిందట. మా ఊరి మనిషి అని తెలిశాక కసరడానికి నోరు రాలేదు. లోపలికి పిలిచి బల్ల మీద కూర్చోమన్నాను. ఆమె నేల మీదే కూర్చుంది.

ఆమెకు పదిహేడేళ్లప్పుడు జరిగిన సంగతి అది. చేని గట్టు దగ్గర రెండు ఇళ్లవాళ్లకు కొట్లాట జరిగింది. ఆమె భర్త చేతిలో గడ్డపార ఉంది. అవతలి మనిషి ఆ దెబ్బకే పోయాడు. కోర్టు ఉరి వేయలేదు గానీ బతికినన్నాళ్లు ద్వీపాంతరం పొమ్మంది. కడప జైలు నుంచి మద్రాసుకు, అక్కడి నుంచి పడవలో అండమానుకు పంపారు. పడవ ఎక్కించారన్న కబురు ఊరికి చేరగానే ఆమె మామ పెద్దమనుషుల్ని పిలిచి, నీళ్లు దాటినవాడు ఇక మనకు లేడు, దినాలు చేసేద్దాం అన్నాడు. గడ్డితో మనిషి బొమ్మ చేసి, దానికి కొడుకు పంచె చుట్టి, పెన్న ఇసకలో కాల్చారు. పదో రోజు ఈమెకు చేయాల్సినవన్నీ చేశారు.

"నేను చెప్తానే ఉండా సామీ, ఆయప్ప పడవెక్కినాడు అంతే, సావలేదు అని. ఎవురింటారు? నోరు మూసి కూర్చోబెట్టినారు."

అట్లాంటి ఆచారం ఒకటుందని నాకు తెలుసు. అయితే ఆచారం తెలియడం వేరు, అరవై ఏళ్లుగా దాన్ని మోస్తున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండడం వేరు. ఇప్పుడేం కావాలవ్వా అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆయప్ప పొయ్యింది యెప్పుడో చెప్పల్ల. పడవలోనే పొయ్యింటే సరే, వాళ్లు చేసింది తప్పు గాదు. బతికినాడనుకో, శానా యేండ్లు బతికినాడనుకో, మరి నాకు ఒక కబురన్నా యేల చెయ్యలేదు? సచ్చిపోయినాడా, లేకుంటే నన్ను మర్సిపోయినాడా? ఈ రెంట్లో ఏదో ఒకటి తెలిస్తే నేను నిమ్మళంగా పోతా."

చూస్తానన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు నమ్మకం లేదు. ఆమె భర్త పేరు, ఆమె ఉంటున్న పల్లె పేరు, తమ్ముడి కొడుకు పేరు రాసుకుని ఆమెను బస్సెక్కించాను.

మొదట దొరికింది మా గదిలోనే. కేసు పైకోర్టుకు పంపేముందు తాలూకా మేజిస్ట్రేటు రాసుకునే పుస్తకం ఒకటి ఉండేది. నాలుగు రోజులు దుమ్ము తిన్నాక ఆ పేరు కనబడింది. తండ్రి పేరు, ఊరు, నేరం, తర్వాత ఎక్కించిన శిక్ష. ఆ పక్కన మనిషి ఆనవాళ్లు. వయసు ఇరవై రెండు, ఎత్తు ఇంత, చామనచాయ, ఎడమ కనుబొమ మీద గాటు. సంతలో ఎద్దును చూసి రాసుకున్నట్టు రాశారు. ఇరవై రెండేళ్లు అన్న చోట నా కళ్లు ఆగిపోయాయి. అంతవరకు ఆయన్ని ఒక ముసలాయనగానే ఊహించుకుంటున్నాను. ఆయన నాకన్నా చిన్నవాడు.

ఆ తర్వాత అండమానుకు ఉత్తరం రాయాలి. ఇంగ్లీషు ఉత్తరం చేత్తో రాస్తే చెత్తబుట్టలో వేస్తారని మా హెడ్డు గుమాస్తా భయపెట్టాడు. ఆదివారం బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాను. అక్కడ బట్టల అంగళ్ల వీధిలో, మెట్ల కింద సందులో టైపు మిషను పెట్టుకుని ఒక సాయిబు కూర్చునేవాడు. గడ్డం తెల్లబడినా వేళ్లు మాత్రం పరుగెత్తేవి. నేను చెప్తూ పోతే కొట్టుకుంటూ పోయాడు. ద్వీపాంతరం అన్న చోట ఆగాడు.

"ఎవురికోసం సార్ ఇది?"

"ఆయన భార్య కోసం."

"ఆమె ఇంకా ఉండాదా?" అన్నాడు. ఉందన్నాను. ఆయన కాగితం మిషనులోంచి లాగేసి, కొత్తది పెట్టి, మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. ఆమె బతికే ఉందన్న మాట మొదటి వరసలోనే రావాలట. నేను రాసుకొచ్చిన ఆనవాళ్లు చూసి, కనుబొమ మీద గాటు సంగతి కూడా వేయమన్నాడు. ఆ బుద్ధి నాకెందుకు పుట్టలేదా అని సిగ్గేసింది.

నెలలు గడిచాయి. ఈలోగా ఆంధ్రప్రదేశ్ వచ్చింది, కచేరీ బోర్డుకు కొత్త రంగు పడింది. అవ్వ రెండుసార్లు మనిషిని పంపి అడిగించింది. ఇంకా రాలేదని చెప్పిన ప్రతిసారీ ఆ పాపం నాదే అయినట్టు ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం టపాలో పోర్టుబ్లెయిరు ముద్రతో కవరు వచ్చింది. లోపల ఒకే ఒక్క కాగితం.

దాన్ని నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను.

ఆయన పడవలో చావలేదు. అండమానులో దిగి ఇరవై ఏడేళ్లు బతికాడు. మొదట్లో అడవి కొట్టే ముఠాలో వేశారు. పన్నెండేళ్లకు మంచి నడవడి అని రాసి, సొంతంగా సేద్యం చేసుకు బతకడానికి సెలవిచ్చారు, భూమి చూపించారు. అట్లాంటి ఖైదీలు కావాలంటే సొంత ఊరి నుంచి భార్యను పిలిపించుకోవచ్చు. ఆ కాగితంలో తర్వాతి వరస ఇది: భార్యను పంపవలసిందిగా అర్జీ పెట్టుకున్నాడు, విచారించగా భార్య లేదని జిల్లా నుంచి జవాబు వచ్చింది. ఐదేళ్ల తర్వాత ఇంకో వరస: మళ్లీ అర్జీ పెట్టుకున్నాడు, జిల్లా నుంచి అదే జవాబు. అక్కడ పెళ్లి చేసుకున్నాడా అన్నదానికి లేదని ఉంది. చివర, జ్వరంతో ఆసుపత్రిలో పోయాడని ఉంది.

భార్య లేదా? ఈ వయసులో రెండు బస్సులెక్కి నా దగ్గరికి రాగలిగిన మనిషి, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, లేదా? నాకు తిక్క రేగింది. ఏ వెధవ రాశాడో వాడి పేరు చూడాలనిపించింది. జిల్లా నుంచి జవాబు పోయిందంటే కలెక్టరు తాసిల్దారును అడిగి ఉంటాడు, తాసిల్దారు ఊరిని అడిగి ఉంటాడు. ఆ కాగితాలు వచ్చి పడేది ఎక్కడ? నేను రోజూ తుమ్ముతూ కూర్చునే ఈ గదిలోనే. ఆ ఆలోచన రాగానే కుర్చీ వెనక్కి తోసి లేచాను.

వెతకడానికి ఇరవై రోజులు పట్టింది. పగలంతా నా పని, సందు దొరికినప్పుడల్లా ఆ పని. ఎప్పటికీ ఉంచాల్సిన కాగితాలని వేరుగా కట్టిన మూటల్లో, అడుగు నుంచి మూడోదానిలో దొరికింది. పైన కలెక్టరు ఇంగ్లీషు ఉత్తరం. దాని కింద తాసిల్దారు తెలుగులో ఊరికి రాసిన తాఖీదు: సదరు ఖైదీ భార్య జీవించి ఉన్నదా, ఉన్నచో భర్త వద్దకు పోవుటకు సమ్మతియా, విచారించి తెలుపవలెను. కాగితం తిప్పితే వెనక కరణం జవాబు.

"సదరు ఖైదీకి భార్య లేదు. ఆ యింట ఒక విధవ మాత్రము ఉన్నది."

కాగితాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకున్నాను. మాటలు చూసి కాదు. ఆ చేతిరాత చూసి. అక్షరాలు కొంచెం కుడికి ఒరిగి, ప్రతి వరస చివర చిన్న తోక తీసి ఉన్నాయి. నేను ఇసకలో, పలక మీద, కాగితం మీద దిద్ది దిద్ది నేర్చుకున్న రాత అది. మా తాత రాత. నా రాత కూడా అట్లాగే ఉంటుంది. కరణమయ్య మనవడివంట గదా అని ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చిన నాడే, ఆ కాలంలో మా ఊరి కరణం ఎవరని నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఇంట్లోవాళ్ల మీదికి మన అనుమానం పోదు.

ఐదేళ్ల తర్వాతి రెండో తాఖీదు కూడా ఆ కాగితం మీదే ఉంది, దాని జవాబు మొదటిదాని కిందే, ఇంకా పొట్టిగా. "పూర్వము వ్రాసినదే ఖాయము." అంతే. మళ్లీ వెళ్లి చూసిన పాపాన పోలేదు. అప్పటికి ఆమె పుట్టింట్లో ఉంది.

ఆ శనివారం ఊరికి పోయాను. మా నాయన అప్పటికి కరణీకం మా అన్నకు వదిలేసి పంచలో పడక్కుర్చీ వేసుకుని ఉండేవాడు. కాగితంలో ఉన్నదంతా చెప్పాను. తాత ఇట్లా ఎందుకు రాశాడు, ఎవరైనా చెప్పి రాయించారా అని అడిగాను. ఎవరో బెదిరించారనో, ఏదో ఆశ చూపారనో నాయన చెప్తే బాగుండునని లోపల కోరుకుంటున్నాను. అట్లాగైతే కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

నాయన నావైపు వింతగా చూశాడు.

"అందులో తప్పేముందిరా? ఉన్నదే రాశాడు గదా."

"ఉన్నదేమిటి నాయనా? ఆమె బతికి ఉంది, ఆయన బతికి ఉన్నాడు."

"ఉండనీ. కర్మ జరిగిపోయింది. దానికి దినం చూసి పెట్టింది కూడా మీ తాతే. కర్మ జరిగిన ఇంట్లో పెండ్లాం ఉందని ఎట్లా రాస్తాడు? ఉండేది విధవ. విధవ ఉందని రాశాడు. మీ తాత చేతి మీద ఒక్క అబద్ధం పోలేదు, తెలుసుకో."

ఆ కాగితం చూసినప్పటికన్నా ఇది విన్నప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. నాయన ఎవరినీ వెనకేసుకురావడం లేదు. నిజంగానే ఆయనకు తప్పు కనబడడం లేదు. తాతకూ కనబడి ఉండదు. సముద్రం అవతల ఒక మనిషి నా భార్యను పంపండి అని అడుగుతుంటే, ఇవతల ఒక నిజాయితీపరుడు దీపం ముందు కూర్చుని, కలం ముంచి, తాను నమ్మినదాన్ని చక్కగా రాసి పంపాడు. దొంగ అయినా బాగుండేదని ఆ రోజు మా తాత గురించి అనుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో అన్నం తినబుద్ధి కాలేదు.

రికార్డు రూము గడప దాటి ఒక్క కాగితం బయటికి పోకూడదు. పోతే ఉద్యోగం పోతుంది. సోమవారం నేను ఆ ఫైలును సంచిలో పెట్టుకుని పులివెందుల బస్సెక్కాను. ఏం చెప్పాలో దారి పొడవునా వల్లె వేసుకున్నాను. ఆయన అడిగాడని చెప్పాలి. భార్య లేదని జవాబు పోయిందని చెప్పాలి. ఎవరు రాశారంటే, ఎవరో గుమాస్తా అనాలి. చచ్చిపోయిన తాత పరువు ఎందుకు తీయాలి, ఆమె మనసు ఎందుకు ఇంకా కష్టపెట్టాలి అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నా పరువు కాపాడుకుంటున్నానన్న మాట మాత్రం ఒప్పుకోలేదు.

అవ్వ పంచలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. తమ్ముడి కోడలు మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి పోయింది. నేను చెప్పేది ముఖంలో కనబడిందేమో, ఆమె పలకరింపులేవీ పెట్టుకోలేదు.

"సదువు సామీ."

పోర్టుబ్లెయిరు కాగితాన్ని తెలుగు చేస్తూ చదివాను. ఇరవై ఏడేళ్లు అన్నప్పుడు ఆమె చేతులు ఆగలేదు, కాయలు ఒలుస్తూనే ఉంది. పెదవులు మాత్రం బిగించింది. అర్జీ వరస దగ్గరికి వచ్చాను. ఆమె చేతిలో కాయ చాటలోకి జారింది.

"మల్ల సదువు."

చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"నన్ను పంపమన్యాడా?"

"పంపమన్నాడవ్వా. ఒకసారి కాదు. జవాబు వచ్చాక ఐదేళ్లకు మళ్లీ అడిగాడు. అక్కడ వేరే పెళ్లి కూడా చేసుకోలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"మర్సిపోయినాడనుకుంటి సామీ. ఇన్నేండ్లు ఆయప్పను తిట్టుకుంటా ఉంటి." కొంచెం ఆగి, "ఏమని జవాబు పంపినారు?" అంది.

"భార్య లేదని."

"ఎవురు రాసినారు?"

వల్లె వేసుకున్న గుమాస్తా నాలుక చివరి దాకా వచ్చాడు. ఆమె చూపు తిప్పకుండా నన్నే చూస్తోంది.

"మా తాత," అన్నాను.

కాగితం తిప్పి ఆ వరస చూపించాను. ఆమెకు చదువు రాదని తెలిసీ చూపించాను. ఏం రాశాడో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. విధవ అన్న మాట నా నోటితో ఆమె ముఖాన అనాల్సి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను శపించినా, లేచి పొమ్మన్నా నాకు తేలికగా ఉండేది.

"కరణమయ్య అట్లనే రాస్తాడు," అంది అవ్వ. "ఆయన కండ్లెదురుంగానే గదా అన్నీ చేసింది. పాపం, ఆయన అనుకున్నిందే రాసినాడు." ఆ గొంతులో కోపం లేదు. అది ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. "అయితే సామీ, మా యింటికీ మీ యింటికీ కేకేస్తే ఇనపడేంత దూరం. నన్ను ఒక్క మాట అడిగింటే సరిపోతాండె. నాకు నోరుండాది గదా. నన్ను అడగలేదే."

నేను ఫైలు మూయబోయాను.

"నువ్వు అడుగు," అంది.

"ఏం అడగాలవ్వా?"

"ఆ కాగితంలో ఏమడిగినారో అదే అడుగు. కచేరీవోళ్లు యెట్ల అడగతారో అట్ల అడుగు."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫైలు తిప్పి తాసిల్దారు తాఖీదు తీశాను. ఖైదీ పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ చదివి, "సదరు ఖైదీ భార్య జీవించి ఉన్నదా? ఉన్నచో భర్త వద్దకు పోవుటకు సమ్మతియా?" అని అడిగాను.

ఆమె కొంగు సరిచేసుకుని కూర్చుంది.

"ఉండా," అంది. "పోతా."

నేను తాఖీదు మీది నుంచి తలెత్తాను.

"రాసుకో సామీ. యాడ రాయల్లనో ఆడనే రాయి."

పాత రికార్డులో ఒక చుక్క పెట్టినా నేరమే. అది నాకన్నా బాగా తెలిసినవాడు ఆ తాలూకాలో లేడు. పెన్ను తీసి, మా తాత రాసిన రెండు జవాబుల కింద మిగిలిన ఖాళీలో రాశాను: భార్య ఉన్నది. విచారించితిని. పోవుటకు సమ్మతి. నా రాత ఆయన రాతలాగే కుడికి ఒరిగి వచ్చింది. ఎంత ప్రయత్నించినా ఇంకోలా రాలేదు. కింద ఆ రోజు తేదీ వేసి నా సంతకం పెట్టాను. పెన్నులోంచి రెండు చుక్కల సిరా ఆమె బొటనవేలికి పూసి, చోటు చూపించాను.

చెనక్కాయల మన్ను అంటిన ఆ వేలు కాగితం మీద ఆని, అక్కడే ఉండిపోయింది. చాలవ్వా, పడింది అన్నాను. ఆమె వేలు తీయలేదు.